మల్లి అంటే తమ్ముడట

శ్రీలంకలోని కటునాయక ఎయిర్‌పోర్టు బయట మా పేర్లు రాసిన అట్టముక్క పట్టుకుని నిలబడ్డ వ్యాను డ్రైవరు మొదటి ఐదు నిమిషాల్లోనే మా ఆరుగురికీ చిరాకు తెప్పించాడు. "మిమ్మల్ని ఏమని పిలవాలి?" అని కిరణ్ ఇంగ్లీషులో మర్యాదగా అడిగితే, గుండె మీద చెయ్యి వేసుకుని "కాల్ మీ అయ్యా" అన్నాడు. బుజ్జి నా చెవి దగ్గరికి వచ్చి, "డబ్బులిచ్చి వ్యాను ఎక్కేది మనం, పైగా అయ్యా అని కూడా అనాలట్రా?" అని గొణిగాడు.

అంతటితో ఆగలేదు. సామాను సర్దుతూ శాస్త్రి వైపు చెయ్యి చాపి "మల్లి, బ్యాగ్" అన్నాడు. శాస్త్రి అప్పటికే ఒక బ్యాగు ఇచ్చేశాడు. మళ్ళీ అడుగుతున్నాడు కాబోలనుకుని భుజానున్న రెండోది కూడా ఇచ్చాడు. పాస్‌పోర్టు, పర్సు అందులోనే ఉన్నాయి. దారిలో "మల్లి, వాటర్?" అన్నప్పుడల్లా మొహమాటపడి మళ్ళీ తాగాడు. కురునాగల చేరేలోపు వాడి కోసం మూడుసార్లు వ్యాను ఆపాల్సి వచ్చింది.

అక్కడి టీ కొట్టు దగ్గర తేలింది సంగతి. సింహళంలో అయ్యా అంటే అన్న, మల్లి అంటే తమ్ముడు. మా తలలు చూసి, తనకంటే చిన్నవాళ్ళమని లెక్క వేసుకుని, దిగీ దిగకముందే మాతో వరసలు కలిపేశాడు పాపం. సిగ్గేసింది. ఆ తర్వాత వారం రోజులూ ఆయన మాకు అయ్యానే. ఆయన అసలు పేరు ఫోన్లో కూడా ఎవడూ రాసుకోలేదు. నా ఫోన్లో ఇప్పటికీ "అయ్యా శ్రీలంక" అనే ఉంది.

అది 2018 జనవరి 29. ఇంజనీరింగ్ అయిపోయిన రోజు హాస్టల్ మెట్ల మీద అనుకున్న ట్రిప్పు, పదిహేనేళ్ళకు తెమిలింది. మొదట థాయ్‌లాండ్ అనుకున్నాం. ఇళ్ళలో ఎవరి భార్యా ఒప్పుకోలేదు. శ్రీలంక అనగానే మాత్రం అశోకవనం, ఆంజనేయస్వామి అని చెప్పుకునే వీలు దొరికింది, తీర్థయాత్ర ఖాతాలో పాసయిపోయింది. మా అమ్మ అయితే అష్టాదశ శక్తిపీఠాల శ్లోకం లంకలోని శాంకరీ దేవితోనే మొదలవుతుందనీ, ఆ గుడి ట్రింకోమలీలో ఉందనీ చెప్పి, కుంకుమ తెమ్మని చిన్న డబ్బా కూడా ఇచ్చింది. బండ మీద కోట ఉన్న సిగిరియా నుంచి అక్కడికి సుమారు వంద కిలోమీటర్లు. పొద్దున్నే ఐదింటికి బయల్దేరాలని రమణ ప్లాను వేశాడు. ముందు రోజు రాత్రి రెండింటి దాకా పేకాడాం ఆరుగురమూ, ఐదింటికి లేచింది మాత్రం అయ్యా ఒక్కడే. ఆ డబ్బా ఖాళీగా తిరిగొచ్చింది. ఆ మాట అమ్మ ఇప్పటికీ ఎత్తుతుంది.

సిగిరియా దగ్గర అప్పట్లో టికెట్టు విదేశీయులకు 30 డాలర్లు, సార్క్ దేశాలవాళ్ళకు సగం. సగం కావాలంటే పాస్‌పోర్టు చూపించాల్సి వచ్చేది. ఐదుగురం చూపించాం. వాసు పాస్‌పోర్టు హోటల్లో "సేఫ్‌గా" పెట్టి వచ్చాడు. కౌంటర్లో ఎంత బతిమాలినా వినలేదు, వాళ్ళ రూలు వాళ్ళది. ఆ పదిహేను డాలర్ల బాధతో వాడు పన్నెండు వందల మెట్లూ ఎక్కాడు. పైన కందిరీగల తుట్టెలు ఉంటాయి, మాట్లాడొద్దని దారి పొడుగునా బోర్డులు. బుజ్జికి మాట్లాడొద్దంటేనే నవ్వొస్తుంది. దారిలో కట్టిన పెద్ద సింహం పంజాల దగ్గర చొక్కా కొస నోట్లో కుక్కుకుని కూర్చున్నాడు.

దిగి వచ్చాక అయ్యా కశ్యపుడి కథ చెప్పాడు. ఐదో శతాబ్దంలో ఆ బండ మీద కోట కట్టుకున్న రాజు. అయ్యా ఇంగ్లీషు పొడి పొడి మాటలు. "కశ్యప కిల్ తాత్తా. తాత్తా గుడ్ కింగ్. మేక్ బిగ్ ట్యాంక్." తాతను చంపాడన్నమాట అనుకున్నాం. వ్యానులో దాని మీద పెద్ద చర్చ. మనవడు తాతనెందుకు చంపుతాడు, మధ్యలో తండ్రి ఏం చేస్తున్నాడు? రమణ ఆ రాత్రే ఫేస్‌బుక్‌లో "తాతను చంపిన మనవడి కోట" అని ఫొటోలు పెట్టేశాడు. సింహళంలో తాత్తా అంటే నాన్న అని రెండు రోజుల తర్వాత తెలిసింది. చనిపోయినాయన ధాతుసేనుడు, కలావెవ అనే మహా చెరువు తవ్వించిన రాజు. నిధి ఎక్కడ దాచావో చూపించమని కొడుకు మనుషులు నిలదీస్తే ఆ చెరువు దగ్గరికి తీసుకెళ్ళి, నీళ్ళు దోసిట్లోకి తీసుకుని "నాకున్నదంతా ఇదే" అన్నాడట. రమణ ఆ పోస్టు ఇంతవరకూ మార్చలేదు. తాత అన్నా బాగానే ఉందిలే అంటాడు.

ఆ కొండకు సగం ఎత్తులో ఒక నున్నటి గోడ ఉంది, అద్దం గోడ అంటారు. పైనున్న అప్సరల బొమ్మలు చూడ్డానికి వచ్చినవాళ్ళు వెయ్యేళ్ళ కిందటే దాని మీద పద్యాలు గీకి పోయారు. పరణవితాన అనే పండితుడు వాటిలో 685 చదివి అచ్చు వేయించాడు. గోడల మీద పేర్లు చెక్కేవాళ్ళను తిట్టే శాస్త్రి అక్కడ చాలాసేపు నిలబడి, "పద్యమైతే పర్లేదురా" అన్నాడు.

మర్నాడు దంబుల్ల. గుహల్లో బుద్ధుడి విగ్రహాలు, కప్పు నిండా బొమ్మలు, అన్నీ చూశాం. నిజం చెప్పాలంటే నాకు వాటిలో ఏదీ విడిగా గుర్తులేదు. గుర్తున్నదల్లా కింద, మెట్ల మొదట్లో, ఒక ముసలావిడ. ముందు పాముల బుట్ట. పక్కన మనవడు కాబోలు, ఆరేడేళ్ళవాడు, టూరిస్టుల వెనక పరిగెడుతున్నాడు. ఆవిడ వాణ్ణి కేకేసింది. "ఒరే, ఇటు రారా! నీళ్ళు తే!"

ఆరుగురం ఆగిపోయాం. యాస వేరు, మధ్యమధ్య సింహళం మాటలు, కానీ అది తెలుగే. వాసు దగ్గరికి వెళ్ళి, "అమ్మా, తెలుగు మాట్లాడుతున్నారే! మీదే ఊరు?" అన్నాడు. ఆవిడ వాణ్ణి పైనుంచి కింది దాకా చూసింది. సంతోషిస్తుందనుకున్నాం. కళ్ళు చికిలించి, అనుమానంగా అడిగింది: "మా మాట మీకెట్లా వచ్చు?"

మా దగ్గర జవాబు లేదు. వాళ్ళను అహికుంటిక జనం అంటారని తర్వాత చదివాను. పాములాడించడం, కోతులాడించడం, చెయ్యి చూసి జాతకం చెప్పడం వాళ్ళ తరతరాల వృత్తి. ఎప్పుడో సముద్రం దాటి పోయినవాళ్ళు, ఊరూరా తిరిగిన జాతి, ఇంట్లో మాత్రం తెలుగు వదల్లేదు. మన నిఘంటువుల్లో పాములవాడికి ఆహితుండికుడు అనే మాట ఉంది, దానికి చుట్టమే అయ్యుంటుంది ఈ పేరు. ఆవిడకు అది తన వాళ్ళ పది గుడిసెల్లో మాట్లాడుకునే సొంత మాట. బయటివాళ్ళ నోట వినడం ఆవిడకు వింత. కోట్లమందిమి ఉన్నామని ఎలా చెప్పను? వాసు చెప్పబోయాడు, ఆవిడ నమ్మినట్టు లేదు. బుజ్జి చెయ్యి పట్టుకుని చూసి, నీకు నోరు ఎక్కువ, పొట్ట ఇంకా పెరుగుద్ది అని చెప్పి ఐదు వందలు తీసుకుంది. వాళ్ళ రూపాయలే. అప్పుడు మన రూపాయికి వాళ్ళవి రెండున్నర దగ్గర వచ్చేవి. రెండు మాటలూ నిజమయ్యాయి కాబట్టి డబ్బులు వృథా కాలేదు.

"యూ నో దట్ లాంగ్వేజ్?" అని అయ్యా ఆశ్చర్యపోయాడు. మేం దిగినప్పటి నుంచీ మాట్లాడుకుంటున్నది అదేనని ఆయనకు తెలీదు. తమిళం అనుకున్నాడట.

ఆ రోజే ఇంకో తికమక. "టుడే నువర" అన్నాడు పొద్దున. రమణ ప్లాను ప్రకారం ఆ రోజు కాండీ, మర్నాడు నువర ఎలియా. ప్రోగ్రాం మారిందనుకుని వాడు కంగారుగా కాండీ హోటల్ రద్దు చేసి, నువర ఎలియాలో గది ఒక రోజు ముందుకు జరిపించాడు. సాయంత్రానికి వ్యాను కాండీ సరస్సు ఒడ్డున ఆగింది. అక్కడివాళ్ళు కాండీనే నువర అంటారు, అంటే నగరం. పైగా ఆ రోజు పౌర్ణమి, వాళ్ళ భాషలో పోయ. ప్రతి పౌర్ణమికీ అక్కడ సెలవు. ఊరంతా తెల్లబట్టల జనం, బుద్ధుడి దంతం ఉన్న గుడి దలదా మాలిగావ ముందు పూలబుట్టలతో బారులు. గదుల్లేవు. "కనీసం చల్లగా ఓ బీరు" అన్నాడు బుజ్జి. పోయ రోజు దేశమంతా మద్యం అమ్మరు. వాడి మొహం చూసి తీరాలి.

అదే రోజు సంపూర్ణ చంద్రగ్రహణం కూడా. జనవరి 31. శాస్త్రివాళ్ళమ్మ ఫోన్ చేసి, పట్టు విడుపు టైములన్నీ చెప్పి, విడిచేదాకా మంచినీళ్ళు కూడా ముట్టొద్దంది. మన దగ్గర గ్రహణమంటే గుళ్ళు మూసేస్తారు. అక్కడ గుడి కిటకిటలాడుతోంది, లోపల డోళ్ళు మోగుతున్నాయి. ఏడు దాటాక మబ్బు తొలిగి, కొండ పైన ఎర్రగా, కాలిన రాగి బిళ్ళలా చంద్రుడు కనిపించాడు. సరస్సు గట్టు మీద ఆరుగురం బ్యాగుల మీద కూర్చున్నాం. బీరు లేదు, గది లేదు, శాస్త్రికి తిండి కూడా లేదు. ఆ వారంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన గంట అదే. ఆ సరస్సు తవ్వించింది కాండీ చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు, 1807లో. మధుర నాయకుల చుట్టాలైన నాయక వంశం వాడు, వాళ్ళ మూలాలు తెలుగువే. 1815లో ఇంగ్లీషువాళ్ళు ఆయన్ని పట్టుకుని వేలూరు కోటలో పెట్టారు, 1832లో అక్కడే పోయాడు. ఇదంతా కిరణ్ ఫోన్లో చదివి వినిపించాడు. "పొద్దున పాములావిడ, రాత్రికి రాజు" అన్నాడు వాసు. ఎవరం ఏమీ అనలేదు.

గది అయ్యానే చూసిపెట్టాడు, తెలిసినవాళ్ళ ఇంట్లో. పొద్దున ఆ ఇల్లాలు ఇడియాప్పాలు, పప్పు, ఎర్రటి కొబ్బరి పచ్చడి పెట్టింది. పోల్ సంబోల్ అంటారు, పోల్ అంటే కొబ్బరి. రాత్రి పస్తున్న శాస్త్రి నాలుగుసార్లు వేయించుకుని, మా ఆవిడకు నేర్పిస్తానని ఎలా చేశారో అడిగాడు. కొబ్బరి, ఎండుమిర్చి, ఉల్లిపాయ, నిమ్మకాయ, ఉంబలకడ. ఉంబలకడ అంటే ఏమిటో ఆవిడ తెచ్చి చూపించింది, కట్టెలా ఎండిన చేపముక్క. మాల్దీవుల చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి పొడి కొడతారు. పూర్తి శాకాహారి మావాడు. కొండ దారిలో గంటన్నర మాట్లాడలేదు. రంబోడ జలపాతం దగ్గర నోరు విప్పి, "పొడి చేశాక కూడా చేప కిందే లెక్కా?" అని అడిగాడు.

ఆ ఘాట్ రోడ్డు మీద, మలుపు మలుపుకూ, ఎదురుగా బస్సు వచ్చినప్పుడల్లా, అయ్యా "హరి హరి" అనేవాడు. ఈయనకే ఇంత భయమైతే మన గతేమిటని శాస్త్రి కూడా హరినామం అందుకున్నాడు. హరి అంటే సరే, ఓకే అని అర్థం. వమట అంటే ఎడమకు, దకునట అంటే కుడికి. వామం, దక్షిణం అనుకుంటే చాలు. రెండు రోజుల్లో కిరణ్ దారి చెప్పే స్థాయికి వచ్చాడు. తప్పు దారే చెప్పేవాడనుకోండి, కానీ సింహళంలో చెప్పేవాడు.

నువర ఎలియా చలి, తేయాకు తోటలు అందరూ రాసేవే, ఫొటోల్లో చూసేవే. ఒకప్పుడు ఆ కొండలన్నీ కాఫీ. జేమ్స్ టేలర్ అనే స్కాట్‌లాండ్ మనిషి 1867లో లూల్‌కందుర తోటలో తేయాకు వేశాడు. ఆ తర్వాత రెండేళ్ళకే తెగులు వచ్చి కాఫీ పోయింది, టీ మిగిలింది. ఆకు కోసే ఆడవాళ్ళతో కిరణ్ తమిళంలో మాట్లాడాడు, చెన్నైలో ఎనిమిదేళ్ళు పనిచేశాడు కాబట్టి. ఒకావిడ వాడి షూస్‌కి జలగ అంటుకుందని చూపించింది. మిగతా సంభాషణంతా జలగ గురించే.

సీత ఎలియలో ఏటి పక్కన సీతమ్మ గుడి. బండ మీద గుంటలు చూపించి హనుమంతుడి పాదాలంటారు. శాస్త్రి చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. బయటికొచ్చాక అయ్యా మెల్లగా, "రావణ నాట్ బ్యాడ్ మ్యాన్, మల్లి. గుడ్ కింగ్. డాక్టర్ ఆల్సో" అన్నాడు. శాస్త్రి ఊరుకుంటాడా? ఎల్లా అనే ఊరి దాకా వాదన. మాలో ముగ్గురు నాను ఓయాలో రైలెక్కి, కిటికీల్లోంచి వేళ్ళాడి ఫొటోలు దిగి ఎల్లాలో దిగేసరికి, వ్యానులో వచ్చిన శాస్త్రి, అయ్యా స్టేషన్ బయట నిలబడి ఇంకా పుష్పక విమానం దగ్గరే ఉన్నారు. మరుసటి ఏడాది శ్రీలంక తన మొదటి ఉపగ్రహానికి రావణ-1 అని పేరు పెట్టింది. ఆ వార్త అయ్యా శాస్త్రికి ఒక్కడికే పంపాడు, కింద ఏమీ రాయకుండా.

బుత్తల నుంచి కతరగమ పోయే దారి యాలా అడవి అంచున ఉంటుంది. అక్కడ రోడ్డుకు అడ్డంగా ఒక ఏనుగు నిలబడి ఉంది. టోల్‌గేటే. పండ్లు పెడితే గానీ బళ్ళు వదలదు. ముందున్న బస్సులోంచి ఎవరో అరటిపళ్ళు విసిరారు, తప్పుకుంది, బస్సు పోగానే మళ్ళీ వచ్చి నిలబడింది. మా దగ్గరా ఒక గెల ఉంది. బుజ్జి అద్దం దించబోతే అయ్యా మొదటిసారి గొంతు పెంచాడు. పెట్టడం అలవాటు చేస్తే అది అడవి మర్చిపోతుంది, ఏదో ఒకరోజు బండి గుద్దో, తుపాకీ దెబ్బకో చస్తుంది, అని సగం ఇంగ్లీషులో, సగం సైగలతో చెప్పాడు. అద్దాలెత్తి, వ్యాను కాస్త వెనక్కి పెట్టి కూర్చున్నాం. నలభై నిమిషాలు. ఎవరికీ ఫోన్ సిగ్నల్ లేదు. వాసు ఏదో అన్నాడు, దాని మీంచి హాస్టల్ వార్డెన్ మాటొచ్చింది, అక్కణ్ణుంచి ఫైనలియర్‌లో పోయిన సైకిల్, ఆ సైకిల్ అమ్మేసింది తనేనని రమణ పదిహేనేళ్ళ తర్వాత ఒప్పుకున్నాడు. సైకిల్ నాది. ఏనుగు తప్పుకున్నా ఆ గొడవ తెగలేదు. తిస్సమహారామలో గేదె పెరుగు, కితుల్ పాకం వాడి ఖర్చుతో ఆరుగురం తిన్నాక రాజీ పడ్డాను. కితుల్ అంటే మన జీలుగ చెట్టే. ఆ కుండ పెరుగు మీద ఆ పాకం పోసుకుని తింటే సైకిలేమిటి, స్కూటర్ పోయినా క్షమించొచ్చు.

ఫిబ్రవరి 4న గాలె చేరాం. వాళ్ళ స్వాతంత్ర్య దినోత్సవం, డెబ్భై ఏళ్ళయిందని ఎక్కడ చూసినా సింహం జెండాలు. కోట గోడ ఎక్కి కింద క్రికెట్ గ్రౌండు చూసి, అక్కడి నుంచి సముద్రం పక్కనే కొలంబో వైపు బయల్దేరాం.

హిక్కడువ దాటిన కాసేపటికి, పెరలియ అనే చోట, అయ్యా అడక్కుండానే వ్యాను ఆపాడు. టీకేమో అనుకున్నాం. దిగి రోడ్డు పక్కనున్న స్మారకం దగ్గరికి నడిచి వెళ్ళాడు. 2004 డిసెంబర్ 26న, సునామీ మొదటి అలకు కొలంబో నుంచి వస్తున్న రైలు అక్కడ ఆగిపోయింది. ఊళ్ళోవాళ్ళు కూడా రైలైతే గట్టిదని పరిగెత్తి అందులోకి ఎక్కారు. తర్వాతి అల రైలునే ఎత్తి పడేసింది. పదిహేడు వందల మందికి పైగా పోయారంటారు. ఆ రోజు కూడా పోయ, సెలవుకి ఊళ్ళకు పోయే జనంతో రైలు నిండి ఉంది.

మేం కాస్త వెనకగా నిలబడ్డాం. అయ్యా రాతి మీద చెయ్యి ఆనించి, మా వైపు తిరిగి ఒకే మాట అన్నాడు. "అక్క."

వారం రోజులుగా ఆయన అన్న ప్రతి మాటకీ మేం వేరే అర్థం తీసుకున్నాం. ఆ ఒక్క మాటకు మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. శాస్త్రి వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాడు. వ్యానులోకి వచ్చాక ఆయనే రేడియో పెట్టాడు.

మర్నాడు ఎయిర్‌పోర్టులో మా ఆరుగురి బ్యాగులూ తనే ట్రాలీల మీద పెట్టి, వరసగా మల్లి, మల్లి, మల్లి అంటూ చేతులు పట్టుకున్నాడు.

2019 ఈస్టర్ నాడు బాంబులు పేలినప్పుడు ఫోన్ చేశాం, క్షేమమే అన్నాడు. టూరిస్టులు ఆగిపోయారు. తర్వాత కరోనా. 2022లో ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లు నా దగ్గర ఇంకా ఉన్నాయి. వెనకాల హారన్లు, జనం గోల, పెట్రోలు బంకు ముందు రెండో రోజు లైన్లో ఉన్నానని నవ్వుతూ చెప్పడం. క్యూఆర్ కోడ్ వచ్చింది మల్లి, వారానికి ఇరవై లీటర్లు, అది కొట్టించుకుని వ్యాను ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్నా అన్నాడు. కొంచెం డబ్బు పంపుతామంటే వద్దన్నాడు. రెండోసారి అడిగితే కోప్పడ్డాడు. మూడోసారి అడగలేదు మేం.

ఈ ఏప్రిల్‌లో వాళ్ళ కొత్త సంవత్సరానికి మెసేజ్ వచ్చింది. టూరిస్టులు మళ్ళీ బాగా వస్తున్నారట, వ్యానుకు కొత్త సీట్లు వేయించాడట. చివర్లో, "మల్లి... వెన్?" అన్నాడు. మా ఆవిడ పక్క గదిలోంచి, "ఎవరండీ అది, మళ్ళీ ఎప్పుడంటున్నారు?" అంది.

గ్రూపులో పెట్టాను. రమణకు ఆడిట్ ఉందట. వాసు పాస్‌పోర్టు గడువు అయిపోయింది. కిరణ్ బొటనవేలు పెట్టి వదిలేశాడు. శాస్త్రి మాత్రం రాత్రి పదకొండున్నరకు రాశాడు: "ఆ కొబ్బరి పచ్చడి చేప లేకుండా చేస్తారేమో కనుక్కో. అంటే, నా కోసం కాదు, ఊరికే."